తొమ్మిది దినాల సున్నం

సున్నంతో బేరమాడిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలని ఉంటే మా ఇంటికి రండి, మధ్యాహ్నం పూట వసారాలోనే కూర్చుని ఉంటాను.

ఇది రాయడానికి కారణం మా పక్కవీధిలో ఉండే ఒక ఇంజనీరు. మొన్న రంగురంగుల కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏదో ఊళ్ళో పాడుబడిన పాత మహలును బాగుచేసి, దాని వెనక అద్దాల మేడ ఒకటి తగిలించి, రెండూ కలిపి అపార్టుమెంట్లుగా అమ్ముతున్నారట. "కొత్త ఆలోచన సార్, మన దగ్గర ఎవరూ చేయలేదు" అన్నాడు. నేను నవ్వాను. అతనికి కోపం వచ్చింది. వచ్చిన కోపానికి సమాధానంగా ఈ సంగతి చెబుతున్నాను. మీలో ఇటువంటి పనులు చేసేవాళ్ళుంటే కాస్త ఓపిగ్గా చదవండి. ఓపిక లేకపోవడం వల్ల ఏమవుతుందో చెప్పడమే దీని పని.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరికి మనుషులు వచ్చారు గానీ ఇళ్ళు రాలేదు. మద్రాసు నుంచి దిగిన గుమస్తాలు డేరాలలో కూర్చుని, కాగితాలు గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టుకుని రాజ్యం నడిపారు. పగలు ఆఫీసు డేరా, సాయంత్రం కాపురం డేరా. ఎండాకాలం గాడ్పు కొడితే రెండింట్లోనూ ఒకే దుమ్ము. పెళ్ళాం బిడ్డలను తెచ్చుకున్నవాళ్ళు తెచ్చుకున్నందుకు ఏడ్చారు, తెచ్చుకోనివాళ్ళు హోటలు కూడు తిని ఏడ్చారు. ఊళ్ళో గోడలున్న ప్రతి చోటుకూ ఎవరో ఒకరు కొలతలు తీసుకుంటూ ఉండేవాళ్ళు. పశువుల కొట్టం గలవాడు కూడా మీసం తిప్పిన రోజులవి.

అప్పుడు అందరి కళ్ళూ పాతకోట దగ్గరి దేవిడీ మీద పడ్డాయి. నవాబుల కాలంలో ఎవరో పెద్ద ఉద్యోగి కట్టించుకున్న ఇల్లు. వారసులు హైదరాబాదు వెళ్ళిపోయారు, గబ్బిలాలు ఉండిపోయాయి. మధ్యలో పెద్ద హాలు, దానికి అటూ ఇటూ గదుల వరుసలు, వెనక ఖాళీ జాగా. దీన్ని బాగుచేసి గుమస్తాలకు పోర్షన్లుగా విడగొట్టాలని, వెనక జాగాలో రెండంతస్తుల కాంక్రీటు మేడ ఒకటి కొత్తగా లేపాలని తీర్మానమయింది. పని దొరికిన కంట్రాక్టరు దగ్గర నేను సైటు గుమస్తాను. ఆయన నన్ను చేర్చుకున్నది చదువు చూసి కాదు, నోరు చూసి.

ఆ నోరు ఎక్కడిదో చెప్పాలి. కడప బజారులో మాది గుడ్డల అంగడి. అటు పక్క గిన్నెల అంగడి, ఇటు పక్క బెల్లం అంగడి, ఎదురుగా మా మేనమామ మందుల అంగడి. ఆ నాలుగు అంగళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడికి ఏ అంకె అయినా ఉత్త పలకరింపు. మా నాయన చీర ధర ఒకటి చెప్పేవాడు. వచ్చినామె సగం అడిగేది. నాయన గుండె పట్టుకునేవాడు. ఆమె మెట్లు దిగేది. మూడో మెట్టు దాకా చూసి "ఇటు రామ్మా" అని పిలిచేవాడు. చెప్పిన ధరకే కొన్నవాడు కనబడితే, పాపం ఇంట్లో ఎవరికో బాగాలేనట్టుంది అని మా నాయన జాలిపడేవాడు. కడప బండలు కొనడానికి నన్ను పంపితే, బండ ఎక్కడ పగిలిందో నాకు తెలియకపోయినా బండల యజమాని ఎక్కడ మెత్తబడతాడో తెలిసేది. కంట్రాక్టరుకు అది చాలు. నాకూ అది చాలు అనుకున్నాను.

మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు దేవిడీ లోపలికి మొదటిరోజు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు. చేతికర్రతో గోడలను పొడుచుకుంటూ నడిచాడు. కాంక్రీటు అనే మాటను కొందరు దేవుడి పేరు పలికేంత మెల్లగా పలికేవాడు. హాలు మధ్యలో నిలబడి, "ఇది కూల్చేయాలి. ఇక్కడ కూడా కాంక్రీటు వేస్తే ఎనిమిది పోర్షన్లు వస్తాయి" అన్నాడు. కంట్రాక్టరు తల ఊపాడు. ఎక్కువ పనికి తల ఊపని కంట్రాక్టరు ఇంకా పుట్టలేదు. నేను కూడా ఊపాను, ఆ రోజుల్లో నా తల నాది కాదు.

అడ్డం పడింది పెద్ద అధికారి. తలపాగా, వదులు కోటు, రిటైరు కావడానికి దగ్గరలో ఉన్న మనిషి. ఆయన తల పైకెత్తి చూశాడు. హాలు పైకప్పు గుమ్మటంలాగా వంగి ఉంటుంది. నడిమధ్య గారతో చేసిన తామరపువ్వు, బండిచక్రమంత. గబ్బిలాల రెట్ట కింద కూడా రేకులు తెల్లగా మెరుస్తున్నాయి.

"కూల్చమని సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదయ్యా" అన్నాడాయన. "తూర్పు వైపు రెండు పోర్షన్లు పాత పద్ధతిలోనే, సున్నపు గారతోనే బాగుచేసి చూపించండి. రెండు సంసారాలు దిగనివ్వండి. నేను వచ్చి చూస్తాను. గోడలు నిలిస్తే హాలు కూడా నిలుస్తుంది, అడ్డగోడలు పెట్టి నాలుగు పోర్షన్లు చేద్దాం. నిలవకపోతే మీ ఇష్టం."

అంటే ఆ హాలు ప్రాణం రెండు పోర్షన్ల గోడల మీద ఆధారపడింది. ఆ గోడలు నా పెత్తనం కింద ఉన్నాయి. దానికంటే దురదృష్టం ఆ హాలుకు ఇంకేముంటుంది?

గార పనికి ఊళ్ళో ఒకే ఒక మేస్త్రీ మిగిలాడు. ముసలాయన, తురక సాయిబు. అరవై దాటినా గోడకు కట్టిన సారువ కర్రల మీద పిల్లిలాగా నడిచేవాడు. మొదటిరోజు హాలులోకి వచ్చి, చెప్పులు బయటే విడిచి, తామరపువ్వు కింద కాసేపు నిలబడ్డాడు.

"మా ముత్తాత చేసిన పువ్వు" అన్నాడు నాతో. "ఆయప్ప రేకులు దిద్దుతాంటే మా తాత కింద నిలబడి గార అందించినాడంట. దీన్ని పడగొడతారా శెట్టీ?"

"గోడలు నిలిస్తే పడగొట్టరు సాయిబూ" అన్నాను.

"నిలుస్తాయి. నిలవక యాడికి పోతాయి?"

సున్నపురాయి కాల్చి తెచ్చి గుంతల్లో నీళ్ళు పోశాము. కుతకుత ఉడికింది. ఆ వేడి చల్లారాక, సున్నం అలా నీళ్ళ కిందే మగ్గాలి. మగ్గిన తర్వాత ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి మెత్తగా నూరాలి. అప్పుడది గార. ఇంతవరకు తెలిస్తే చాలు.

"ఎన్నాళ్ళు మగ్గాల?" అని అడిగాను.

"ఇరవై ఒక్క దినం."

ఇక్కడే నా పుట్టుక బయటపడింది. ఇరవై ఒకటి అన్నాడంటే మనసులో పదో పన్నెండో పెట్టుకున్నాడు అని నాకు వెంటనే తట్టింది. అంకె చెప్పిన తీరు చూసైనా నాకు బుద్ధి రావలసింది. గుండె పట్టుకోలేదు, పక్కకు చూడలేదు, దేవుడి మీద ఒట్టు పెట్టుకోలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు చెప్పాడు.

"ఏడు చేసుకో సాయిబూ" అన్నాను.

ఆయన గుంత వైపు చెయ్యి చూపించాడు. "నాకెందుకు చెప్తాండావు? దానికి చెప్పు."

"సరే, తొమ్మిది. నీ మాటా నా మాటా కాకుండా తొమ్మిది."

"శెట్టీ, కాన్పుకు పోయిన ఆడమనిషితో తొమ్మిది నెలలు వద్దులేమ్మా, నాలుగు చేసుకో అంటావా?"

కూలీలు నవ్వారు. నేను మా అంగడికి వచ్చే ఆడవాళ్ళ పద్ధతిలో అక్కడినుంచి లేచి నడవడం మొదలుపెట్టాను. మూడు అడుగులు వేశాను. ఆయన పిలవలేదు. పది అడుగులు వేశాను. గేటు దాకా పోయి, బయట కాసేపు నిలబడి, నాకు నేనే వెనక్కి వచ్చాను. ఆయన బీడీ కాలుస్తున్నాడు. ఇంత మొండిగా బేరం నిలబెట్టే మనిషిని నా జన్మలో చూడలేదని లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. ఆయన బేరంలోనే లేడని తట్టలేదు.

తొందర నాకెందుకంటే, ఉగాదికి సంసారాలు దిగుతాయని కంట్రాక్టరుకు మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటే నన్ను మేనేజరును చేస్తానని ఆయన అన్నాడు. పైగా ఒక పోర్షను తన పేరున రాయించుకున్న గుమస్తాగారి భార్య, నెల్లూరు వైపు ఆమె, రోజూ సాయంత్రం చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడేది. "ఏమండీ, గోడకు తడి ఆరిందా? డేరాలో తేళ్ళు వస్తున్నాయండీ" అనేది. ఆ తేళ్ళ మీద నేను చాలాకాలం నా తప్పును మోపాను. అవి మోయలేకపోయాయి.

తొమ్మిదో రోజున మేస్త్రీ మనవరాలి నిఖా ఉండి ఆత్మకూరు వెళ్ళాడు. పోతూ పోతూ, "నేను వచ్చేదాకా గుంత ముట్టుకోవద్దండప్పా" అని కూలీలకు చెప్పాడు. నాకు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి నాకు వర్తించదు అనుకున్నాను. అంగడి బుద్ధికి ఇటువంటి సందులు బాగా కనిపిస్తాయి. ఆ పొద్దే గుంతలు తెరిపించి గానుగ కట్టించాను. చూస్తే సున్నం వెన్నలాగా ఉంది. ఇంకేం మగ్గాలి దీని మొహం అనుకున్నాను. మూడు రోజుల్లో రెండు పోర్షన్ల గోడలూ తెల్లగా అయిపోయాయి. మా నాయన అక్కడ ఉండి ఉంటే శాలువా కప్పేవాడు.

నాలుగో రోజు మేస్త్రీ పెళ్ళి కర్జూరాలు పొట్లం కట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, లోపలికి పోయి, బయటికి వచ్చాడు. గానుగలో మిగిలిన గార కొంచెం తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఆ వేళ్ళు నా ముందు పెట్టాడు.

"పలుకుండాది చూడు."

ఉడకని అన్నంలో తగిలే పలుకు లాంటిదే. చిన్న చిన్న గింజలు. నాకు కనిపించాయి. కనిపించలేదన్నాను.

"ఈ పలుకులు గోడలో కూచుని నీళ్ళు తాగతాయి. తాగి ఉబ్బుతాయి. ఇప్పుడు కాదు, నెలా నెలన్నరకు. గీకేద్దాం శెట్టీ. పన్నెండు దినాలు ఆగి మళ్ళా పూస్తా. కూలి కూడా వద్దు నాకు."

"ఉగాదికి మనుషులు దిగాల సాయిబూ."

"హాలు పోతాది."

"ఏం పోదులే. నువ్వు ఊరికే బెదిరిస్తాండావు."

ఆయన నన్ను కోప్పడలేదు. కర్జూరాల పొట్లం వైపు చూసి, "తిను, మంచియి" అని వెళ్ళిపోయాడు.

ఉగాదికి సంసారాలు దిగాయి. గోడలు పాలరాయిలాగా మెరిశాయి. నెల్లూరామె ఉగాది పచ్చడి పంపింది. ఇంజనీరు మొహం మాడ్చుకున్నాడు. కంట్రాక్టరు నా భుజం తట్టాడు. ఒక నెల పాటు నేను తల ఎత్తుకుని తిరిగాను. మేస్త్రీ ఎదురైతే గోడ వైపు చూపించి నవ్వేవాణ్ణి. ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది, కానీ చేతిలో కలం ఉంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నెల్లూరామె మనిషిని పంపింది. వెళ్ళి చూస్తే గోడకు మశూచి పోసినట్టు గుంటలు. ప్రతి గుంటకూ నడిమధ్య తెల్లటి పలుకు ఒకటి. కింద నేల నిండా పెచ్చులు.

"పొద్దుటినుంచి పేలాలు వేగుతున్నట్టు చప్పుడండీ" అంది ఆమె. "బిడ్డ కంట్లో పడుతుందని ఉయ్యాల బయట చెట్టుకు కట్టాను. ఆ డేరాలో తేళ్ళే నయమేమో, అవి చెప్పి కుట్టకపోయినా గోడలోనుంచి రావు కదా."

మేస్త్రీని పిలిపించాను. గుంటలు పూడ్చమన్నాను. "లోపల ఇంకా ఉండాయి. అయిపోయేదాకా వస్తాయి. వానాకాలం పోతే ఆగతాది, అప్పుడు పూడుస్తా. అంతదాకా పెద్దసారును ఆపగలవా?" అన్నాడు.

పెద్దసారును ఎవరు ఆపుతారు? వారానికల్లా వచ్చాడు. ఇంజనీరు నవ్వుమొహంతో పక్కన నడిచాడు. కంట్రాక్టరు, నేను, వెనకగా మేస్త్రీ. నెల్లూరామె మర్యాదస్తురాలు, పెద్దాయనకు కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు ఎత్తుకుని గోడను పరీక్షగా చూస్తున్నాడు. టప్ మంది. రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడి సరిగ్గా కాఫీలో పడింది. ఆయన గ్లాసులోకి చూశాడు, గోడ వైపు చూశాడు, గ్లాసు కిటికీలో పెట్టాడు.

"సున్నం ఎన్ని రోజులు మగ్గింది?" అని అడిగాడు.

సైటు గుమస్తాను నేను. జవాబు చెప్పవలసింది నేను. అందరూ నా వైపు తిరిగారు. మేస్త్రీ కూడా.

తొమ్మిది అని చెబితే తప్పు నాది, నా మేనేజరు గిరీ పోతుంది, ఉన్న పని కూడా పోవచ్చు. కానీ సున్నానికి మచ్చ రాదు, మళ్ళీ పూయమంటారు, హాలు నిలుస్తుంది. ఇది నాకు అప్పుడు తెలియలేదని చెప్పను, స్పష్టంగా తెలిసింది. ఇరవై ఒకటి అనడానికి ఆ ముసలాయన కళ్ళ ముందు నోరు రాలేదు. రెండంకెలు పోట్లాడుకుంటే మా అంగట్లో ఏం చేస్తారో అదే చేశాను.

"పదిహేను సార్" అన్నాను.

సరిగ్గా నడిమధ్య. అబద్ధం కూడా పూర్తిగా ఆడలేని వ్యాపారి బుద్ధి.

పెద్దాయన మేస్త్రీ వైపు తిరిగాడు. "ఏం సాయిబూ, పదిహేను చాలదా?"

ఒక్క మాట అంటే నేను గోడకంటే ఎక్కువ పెచ్చులు ఊడిపోయేవాణ్ణి. మేస్త్రీ నన్ను చూడలేదు. "ఇరవై ఒకటి మగ్గాల సార్" అన్నాడు, అంతే.

ఇంజనీరుకు అంతకంటే ఏం కావాలి? "పదిహేను రోజులు మగ్గిన సున్నం, ఆరు రోజులు తక్కువైందని కాఫీలో పడితే, ఇది కట్టుబడికి పనికొచ్చే సరుకేనా సార్? సిమెంటు పొద్దున కలిపితే సాయంత్రానికి గట్టిపడుతుంది" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర ఒకటి ఉంది, నోట్లోనే పెట్టుకున్నాను. పెద్దాయన హాలులోకి వెళ్ళి ఇంకోసారి తల పైకెత్తి చూసి, కూల్చమనే కాగితం మీద అక్కడే నిలబడి సంతకం చేశాడు.

అందరూ వెళ్ళాక మేస్త్రీ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. "తొమ్మిదికే తీసినానని యాల చెప్పలేదు సాయిబూ?" అని అడిగాను.

"నీ అంకె నువ్వు చెప్పినావు. నా అంకె నేను చెప్పినా" అని చెప్పులు వేసుకున్నాడు.

హాలును పది రోజుల్లో పడగొడతామన్నాం. ఆ గోడలు గడ్డపారలను వెనక్కి తన్నాయి. ఇంజనీరు మందు పెట్టి పేల్చుదామా అన్నాడు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కర్రలు తీసుకుని వచ్చేసరికి ఆ మాట మింగాడు. పనికిరాని సరుకు అని రాసిన సున్నం నెలన్నర మా చేత చెమట కక్కించింది. తామరపువ్వు రేకుల్లో ఒకటి కూడా మూరెడు ముక్కగా దక్కలేదు. మేస్త్రీ ఆ నెలన్నరలో ఒక్కసారి కూడా ఆ వీధిలోకి రాలేదు.

కాంక్రీటు లేచింది. ఇంజనీరు దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఎండాకాలంలో ఆ మేడ పైపోర్షన్లలో రొట్టెలు కాల్చుకోవచ్చు. కాపురమున్నవాళ్ళు మంచాలు వాకిట్లో వేసుకుని పడుకున్నారు, అంటే మళ్ళీ డేరాలే, గుడ్డ లేని డేరాలు. వానాకాలంలో పాత గోడకూ కొత్త మేడకూ మధ్య అతుకు నోరు తెరిచింది, దాంట్లోంచి వచ్చే నీళ్ళను ఇంజనీరు చెమ్మ అని పిలవమన్నాడు. తూర్పు పోర్షన్ల గోడలు మాత్రం మొదటి ఏటి వానలు పోయాకే పేలడం మానేశాయి, మేస్త్రీ చెప్పినట్టే. పూడ్చడానికి ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఆ గుంటల్లో నెల్లూరామె పిల్లలు బలపాలు దాచుకునేవారు.

అన్నీ సర్దుకుంటున్నాయి అనుకునేసరికి రాజధాని మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది. ఏ గుమస్తాల కోసం హాలు పడగొట్టామో వాళ్ళు లారీలెక్కారు. నెల్లూరామె వెళ్తూ, "మీ గోడ అలవాటైపోయిందండీ" అని చెప్పి పోయింది. కొన్ని నెలలపాటు ఆ మేడలో మేకలున్నాయి. వాటికి కూడా పైపోర్షను నచ్చలేదు. నేను మాత్రం మేనేజరును అయ్యాను, అది మరిచిపోకుండా చెప్పాలి కదా.

ఆ తర్వాత రెండేళ్ళకు పెళ్ళయి, కర్నూల్లోనే చిన్న ఇల్లు కట్టుకున్నాను. గోడలకు సిమెంటు పూయడానికి ఎందుకో మనసు రాలేదు. మేస్త్రీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది, గొంతుతో గుర్తుపట్టాడు.

"రా శెట్టీ, కూచో. మేనేజరువు అయినావంట."

"అయినా సాయిబూ. ఇల్లు కట్టుకుంటాండా. గార పని నువ్వే చేయాల."

"నాకేం కనపడతాది? నా కొడుకు పూస్తాడు, నేను వేళ్ళతో చూసి చెప్తా."

"సున్నం ఎన్నాళ్ళు మగ్గాల?"

ఆయన వెంటనే చెప్పలేదు. మొహం పక్కకు తిప్పుకుని, చేతిలో బీడీని అటూ ఇటూ దొర్లించి, నిట్టూర్చి, అప్పుడు చెప్పాడు.

"నలభై రెండు దినాలు."

నేను మా నాయన కొడుకును. ఆ పక్కచూపు, ఆ నిట్టూర్పు, అంకెకు ముందు ఆ ఆగడం, అన్నీ మా అంగట్లో పుట్టినవే. ముప్పై నలభై ఏళ్ళు ఒకే అంకె చెప్పిన మనిషికి ఈ విద్య ఎవరు నేర్పారో అడగనక్కరలేదు.

"ఇరవై ఒకటి గదా సాయిబూ?" అన్నాను.

"ఇరవై ఒకటే. నువ్వు సగానికి కోస్తావు గదప్పా. కోసినా ఇరవై ఒకటి మిగలాల గదా" అన్నాడు. నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. బజారులో మనిషి మనిషికి చెప్పినట్టు చెప్పాడు.

నేను బేరం ఆడలేదు. నలభై రెండు రోజులూ గుంత పక్కన కూర్చున్నాను. మా ఆవిడ అడిగింది, ఇంజనీరు మిత్రులు నవ్వారు, కడప నుంచి వచ్చిన మా నాయనైతే, మేస్త్రీ చెప్పిన అంకెకే నేను ఒప్పుకున్నానని విని, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. నలభై మూడో రోజు ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి, గార వేళ్ళ మధ్య నలిపి, చాలాసేపు నలిపి, "పలుకు ల్యాదు" అన్నాడు.

మీరు వస్తే కూర్చోబెట్టేది ఆ గోడకు ఆనుకునే. చెయ్యి పెట్టి చూడండి. నేను ఇప్పటికీ రోజుకోసారి పెట్టి చూస్తాను.